ఎవరి వనం, ఎవరి భోజనం?

వాడ నుంచి ఉత్తరాలు – 14



పోయిన వారం పోస్టు కింద మీరు అడిగినవాటికి ఈ వారం జవాబులు రాస్తానన్నాను. రాయట్లేదు, ఏమనుకోకండి. ఈ ఆదివారం మా పాప నన్ను ఒక చోటికి తీసుకుపోయింది. నేనే తనను తీసుకుపోతున్నానని అనుకున్నా. ముందు ఆ సంగతి రాస్తాను.

పాపకు ఐదు నిండి ఆరు నడుస్తోంది. ఖమ్మంలో ఒకటో తరగతి. దసరా సెలవులు అయిపోయిన కాడినుంచి ఒకటే పోరు. "అమ్మా, కిన్నెరసాని పోదాం, జింకల్ని చూద్దాం." లకారం చెరువుకు తీసుకుపోయి కేబుల్ బ్రిడ్జి మీద అటూ ఇటూ నడిపించా. ఐస్‌క్రీమ్ కొనిపెట్టా. ఊరుకోలేదు. కిన్నెరసానే పోవాలి, అదీ ఈ ఆదివారమే పోవాలి. ఈ ఆదివారమే ఎందుకని నేను అడగలేదు. అడిగి ఉండాల్సింది.

పొద్దున్నే లేచి పులిహోర కలిపి, రెండు గుడ్లు ఉడకబెట్టి, డబ్బా కట్టుకొని బస్టాండుకు పోయాం. కొత్తగూడెం ఎక్స్‌ప్రెస్. నాకు జీరో టికెట్. 2023 డిసెంబర్ 9న మహాలక్ష్మి పథకం మొదలైనప్పటి నుంచి పల్లె వెలుగులో, ఎక్స్‌ప్రెస్‌లో ఆడవాళ్ళకు చార్జీ లేదు. అదే రోజు నుంచి ఇంకో మాట కూడా మొదలైంది. "పని పాటా లేక ఆడోళ్ళు ఊరికే తిరుగుతున్నారు." దీని మీద ఎన్ని రీల్స్, ఎన్ని జోకులు! ఒకాయన సొంత కారులో పెళ్ళాం బిడ్డలతో అరకు పోతే అది ఫ్యామిలీ టైమ్. పత్తి ఏరే ఆడమనిషి బిడ్డను చంకనేసుకొని, పుట్టి బుద్ధెరిగినాక మొదటిసారి గోదావరి చూద్దామని భద్రాచలం బస్సెక్కితే అది ఊరికే తిరగడం. అవును, ఊరికే తిరుగుతున్నాం. పనికి తప్ప ఊరు దాటనివ్వని జాతులం మేము. ఆస్పత్రికో, కోర్టుకో, వలసకో తప్ప బస్సెక్కని ఆడవాళ్ళం. ఊరికే తిరగడం ఎట్లా ఉంటదో ఇప్పుడిప్పుడే తెలుస్తోంది.

పాల్వంచలో దిగి ఆటో మాట్లాడుకున్నాం. సగం దారిలో ఒక మామిడి తోట. రోడ్డుకు రెండు పక్కలా కార్లు ఆగి ఉన్నాయి. పెద్ద ఫ్లెక్సీ. ఫలానా వారి కార్తీక వనసమారాధన, కుల బంధువులందరికీ స్వాగతం. ఏ కులమో రాయను. రాస్తే ఆ ఒక్క కులం సంగతే అనుకొని మిగతావాళ్ళు లైక్ కొట్టి పోతారు. తోట ఎదురుగా టీ కొట్టు ఉంటే డ్రైవరు ఆటో ఆపాడు. పాప దిగి, నా చెయ్యి విడిపించుకొని, రోడ్డు దాటి కంచె దగ్గరికి పరుగెత్తింది. లోపల ఉయ్యాల మీద తన క్లాసు పిల్ల. అప్పుడు తెలిసింది నాకు, కిన్నెరసాని ఎందుకో, ఈ ఆదివారమే ఎందుకో. "మా వనభోజనం కిన్నెరసాని దారిలో ఉంది, నువ్వూ రా, ఉయ్యాల ఊగుదాం" అని బళ్ళో చెప్పిందట ఆ పిల్ల. వీళ్ళిద్దరూ ప్రోగ్రాం వేసుకున్నారు. మాకే చెప్పలేదు.

కంచె సందుల్లోంచి చేతులు పట్టుకొని ఇద్దరూ ఎగురుతున్నారు. ఆ పిల్ల నాయనమ్మ వచ్చింది. "ఎవరమ్మా ఈ బంగారుతల్లి?" "మా క్లాసే నాయనమ్మా." "అవునా, మరి బయట నిలబడిందేం? మనోళ్ళేనా?" అని నా వైపు చూసింది. "మీ ఇంటిపేరేంటమ్మా?"

చెప్పాను.

ఆమె మొహంలో అసహ్యం ఏమీ లేదు. కాస్త ఇబ్బందిపడింది, అంతే. "ఓహో... సరే సరే, ఉండండి" అని లోపలికి పోయి కాగితం పళ్ళెంలో రెండు లడ్లు, కాస్త పులిహోర పెట్టుకొచ్చి, కంచె మీంచి అందించింది. "పాపకు పెట్టమ్మా, ఎండనపడి వచ్చారు." మంచి మనిషి. ఎగతాళికి అనట్లేదు, నిజంగానే మంచి మనిషి. ఎవరూ మమ్మల్ని తిట్టలేదు, కొట్టలేదు, పొమ్మనలేదు. ప్రేమగా లడ్డు పెట్టారు.

ఆటో ఎక్కాక పాప అడిగింది: "అమ్మా, గేటు అక్కడే ఉంది కదా, కంచె మీంచి ఎందుకిచ్చింది?"

నేను అబద్ధం చెప్పాను. ఆటో మామయ్యకు టైమైపోతోంది కదా, అందుకని అన్నాను.

ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. నా మొదటి వనభోజనం కూడా ఇట్లాంటిదే. నాకప్పుడు ఏడేళ్ళు. బూర్గంపాడు వైపు గోదావరి ఒడ్డు ఊరు మాది. మా నాయన ఒక ఆసామి దగ్గర జీతం ఉండేవాడు. కార్తీకంలో ఆసామి ఇంటివాళ్ళంతా తోటకు పోతుంటే, నాయన తెల్లారగట్టే పోయి పొయ్యిలు తవ్వి, కట్టెలు కొట్టి, బండ్లు దించి సిద్ధం చేయాలి. నీళ్ళ బిందె మాత్రం ముట్టనివ్వరు, నీళ్ళకు వేరే కులం మనిషి. నేనూ వస్తానని ఏడిస్తే తీసుకుపోయాడు. అడ్డాకులు కోయ ఆడవాళ్ళు కుట్టి ఇచ్చినవి. కట్టెలు మా నాయన కొట్టినవి. సాయంత్రం డప్పు మా చిన్నాయనది. ఉసిరి చెట్టు కింద కూర్చొని తిన్నది మాత్రం మాలో ఎవరమూ కాదు. పిల్లలు ఆడుకుంటుంటే చూస్తూ నిలబడ్డా. మూడు గంటల ఎండలో, మేము తెచ్చుకున్న గిన్నెలోనే అన్నం వేశారు. ఏటి ఒడ్డుకు పోయి తిన్నాం. ఆ రోజు కూలి లేదు. అన్నం పెట్టారుగా అన్నారు. ఇంటికొచ్చి అమ్మతో సంబరంగా చెప్పా, "మేం వనభోజనానికి పోయొచ్చాం" అని. అమ్మ ఏమీ అనలేదు.

ఏటి ఒడ్డు నుంచి కంచె దాకా వచ్చాం. ముప్పై ఏళ్ళ ప్రయాణం. ఇంతేనా అని అడగకండి, ఇది కూడా ఊరికే రాలేదు. నా బిడ్డ కట్టెలు మోయడానికి పోలేదు, జింకల్ని చూడటానికి పోయింది. సొంత డబ్బా, సొంత బడి, పక్కన కూర్చునే స్నేహితురాలు ఉన్నాయి. కానీ కంచె ఉంది. కాబట్టి ఇప్పుడు కంచె గురించి మాట్లాడుకోవాలి.

కార్తీకం వచ్చిందంటే మన రెండు రాష్ట్రాల్లో తోటలన్నీ కులాల వారీగా బుక్కైపోతాయి. కమ్మ, రెడ్డి, వెలమ, కాపు, వైశ్య, బ్రాహ్మణ, ఆ తర్వాత గౌడ, యాదవ, పద్మశాలి, మున్నూరుకాపు. నిచ్చెన పై మెట్టు నుంచి కిందికి అందరూ పెడుతున్నారు. గేటు దగ్గర బల్ల వేసి పేరు, ఇంటిపేరు, గోత్రం, ఫోన్ నంబరు రాసుకుంటారు. పిల్లలకు మ్యూజికల్ చైర్స్. పదో తరగతిలో మార్కులొచ్చినవాళ్ళకు మెమెంటోలు. పెళ్ళి సంబంధాల కాగితాలు. మధ్యాహ్నానికి ఎమ్మెల్యే వస్తాడు, ఒక్కోసారి మంత్రీ వస్తాడు. రాజ్యాంగం మీద ప్రమాణం చేసినవాళ్ళే మైకు పట్టుకొని "మనవాళ్ళంతా ఐక్యంగా ఉండాలి" అంటారు. కుల భవనానికి స్థలం చూస్తామంటారు. చప్పట్లు. తర్వాత అందరికీ భోజనం, దాన్ని వండి వడ్డించేది అక్కడా ఆడవాళ్ళో, కూలికి వచ్చిన వంటవాళ్ళో. అంతా సరదాగా ఉంటుంది. సరదాగా ఉండటమే ఇందులో ప్రమాదం.

కులాన్ని పిల్లలకు ఎవరూ పాఠంగా చెప్పరు. లడ్డుతో చెప్తారు. ఉయ్యాలతో చెప్తారు. "మనోళ్ళు" అన్న మాట ఆ పిల్ల మొదటిసారి విన్నది ఎవరో కోపంగా అరిచినప్పుడు కాదు. నాయనమ్మ ఒళ్ళో కూర్చొని గారె తింటున్నప్పుడు. అందుకే అది అంత తియ్యగా, అంత లోతుగా దిగుతుంది. సోమవారం పొద్దున బళ్ళో అందరూ నిలబడి ప్రతిజ్ఞ చదువుతారు, భారతీయులందరూ తోబుట్టువులని. దాన్ని 1962లో రాసింది మన నల్గొండ జిల్లా అన్నెపర్తికి చెందిన పైడిమర్రి వెంకట సుబ్బారావు. తెలుగులోనే రాశాడు. వారానికి ఆరు రోజులు తోబుట్టువులు, ఏడో రోజు కుల బంధువులు. పిల్లలు తెలివైనవాళ్ళు. రెండింటిలో ఇళ్ళల్లో పాటించేది ఏదో ఇట్టే పట్టేస్తారు.

లా చదివే తమ్ముళ్ళు ఇక్కడ ఒకటి గమనించండి. రాజ్యాంగం 15(2) దుకాణాలు, హోటళ్ళు, వినోద స్థలాలు, బావులు, చెరువులు, స్నాన ఘట్టాలు, రోడ్లు అన్నీ పేరుపెట్టి చెప్పింది, కులం పేరుతో ఎవరినీ ఆపరాదని. 1955 నాటి పౌరహక్కుల చట్టం ఉంది. 1989 నాటి అట్రాసిటీ చట్టం ఉంది. నా కేసులో ఏ సెక్షన్ పెడతారు? తోట ప్రైవేటుది. కార్యక్రమం సంఘానిది. నన్నెవరూ దూషించలేదు. పైగా పులిహోర పెట్టారు. ఎఫ్ఐఆర్‌లో "నిందితురాలు లడ్డు ఇచ్చెను" అని రాయాలా? చట్టానికి చిక్కే కులం వేరు, ఆదివారం మధ్యాహ్నం చెట్టు కింద కూర్చునే కులం వేరు. మొదటిదాని మీద మనం ముప్పై ఏళ్ళుగా ధర్నాలు చేస్తున్నాం. రెండోదాన్ని "పోనీలే, వాళ్ళ ఫంక్షన్" అని వదిలేశాం.

చట్టానికి చిక్కే రకం పోయిందని కూడా అనుకోవద్దు. 2021 సెప్టెంబర్‌లో కర్ణాటక కొప్పళ జిల్లా మియాపుర ఊళ్ళో ఒక దళిత కుటుంబం పసిబిడ్డ పుట్టినరోజని హనుమంతుడి గుడికి తీసుకుపోయింది. వాళ్ళు బయట నిలబడే దండం పెట్టుకుంటున్నారు, ఆ హద్దు వాళ్ళకు తెలుసు. వాన మొదలైంది, బిడ్డ గుళ్ళోకి పరుగెత్తాడు. గుడి శుద్ధి చేయాలని ఇరవై వేలకు పైగా కట్టమన్నారు. విషయం బయటికొచ్చాక అరెస్టులు జరిగాయి. నాకు అందులో గుచ్చుకునేది డబ్బు కాదు. పుట్టినరోజు నాడు బిడ్డను బయటికి తీసుకుపోయేటప్పుడు ఆ తల్లిదండ్రులు ఎంత జాగ్రత్తగా ఎక్కడ నిలబడాలో లెక్కేసుకున్నారో, అది. బిడ్డకు ఆ లెక్క రాదు. బిడ్డకు వాన తెలుసు, నీడ తెలుసు.

బాబాసాహెబ్ 'వెయిటింగ్ ఫర్ ఏ వీసా' చదివినవాళ్ళు చేతులెత్తండి. చదవనివాళ్ళు ఈ రాత్రే చదవండి, చిన్న పుస్తకం. మనం దాన్ని అంటరానితనం మీద సాక్ష్యంగా చదువుతాం. ఒక్కసారి తల్లిగా చదివి చూడండి. అది సెలవుల కథ. 1901. వేసవి సెలవులకు కోరేగావ్ రమ్మని తండ్రి ఉత్తరం రాశాడు. సతారాలో పిల్లలకు ఒకటే సంబరం. కొత్త చొక్కాలు, మెరిసే టోపీలు, కొత్త చెప్పులు, పట్టు అంచు పంచెలు. మొదటి రైలు ప్రయాణం. తొమ్మిది, పదేళ్ళ పిల్లాడు, అన్నతో, అక్క పిల్లలతో మసూర్ స్టేషన్‌లో దిగాడు. తీసుకుపోవడానికి ఎవరూ రాలేదు. ముచ్చటగా మాట్లాడిన స్టేషన్ మాస్టర్ మహార్లని తెలియగానే వెనక్కి తగ్గాడు. బండివాళ్ళు ఎవరూ ఎక్కించుకోలేదు. చివరికి రెట్టింపు కిరాయి ఇచ్చి, బండి పిల్లలే తోలుకోవాలి, బండివాడు పక్కన నడుస్తాడు అన్న షరతు మీద కదిలారు. డబ్బా నిండా తిండి ఉంది. తాగడానికి నీళ్ళు ఎవరూ ఇవ్వలేదు. నీళ్ళు లేక తిండి తినలేక ఆకలితో పడుకున్నారు. పట్టు అంచు పంచెలు కట్టుకొని.

పొద్దున డబ్బా కట్టేటప్పుడల్లా నాకు ఆ డబ్బా గుర్తొస్తుంది.

అదే పుస్తకంలో 1934 సంగతి కూడా ఉంది. అప్పటికి ఆయన డాక్టర్ అంబేద్కర్, రౌండ్ టేబుల్‌కు పోయొచ్చిన మనిషి. ముప్పై మందితో కలిసి వేరూల్ గుహలు, దౌలతాబాద్ కోట చూడ్డానికి నిజాం రాజ్యంలోకి వచ్చారు. మన ఖమ్మం కూడా అప్పుడు అదే నిజాం ఏలుబడి. దారి దుమ్ము కొట్టుకుపోయిన మొహాలు కోట గేటు దగ్గరున్న చిన్న కుంటలో కడుక్కున్నారు. కుంట మైల చేశారని గోల. చివరికి లోపలికి పోనిచ్చారు, ఎక్కడా నీళ్ళు ముట్టకుండా చూడటానికి తుపాకీ ఉన్న సిపాయిని వెంట పెట్టి. దేశానికి రాజ్యాంగం రాయబోయే మనిషి చేసిన టూరు అది. అప్పుడు సిపాయి, ఇప్పుడు నాయనమ్మ. తేడా లేదని అనను. తుపాకీ స్థానంలో లడ్డు రావడం మన పోరాటం వల్లే.

ఇది మన ఒక్కరి బాధే కాదు. 1963లో బర్మింగ్‌హామ్ జైలు నుంచి మార్టిన్ లూథర్ కింగ్ రాసిన ఉత్తరంలో లించింగుల గురించి, పోలీసు దౌర్జన్యం గురించి రాస్తూ రాస్తూ ఒక చోట తన ఆరేళ్ళ కూతురి దగ్గర ఆగిపోతాడు. టీవీలో ప్రకటన చూసి ఫన్‌టౌన్‌కు పోదామని అడిగిన బిడ్డకు, అందులోకి నల్లపిల్లల్ని రానివ్వరని చెప్పలేక నాలుక మడతపడిన తండ్రి సంగతి అది. అంత పెద్ద నాయకుడికీ ఆ ప్రశ్నకు జవాబు దొరకలేదు. నేను ఆటో మామయ్య మీదికి నెట్టేశాను.

ఇప్పుడు మన ఇంటి సంగతి. ఈ గొడవంతా విన్న ఒక తమ్ముడు, మన సంఘంలో చురుకైనవాడు, అన్నాడు: "అక్కా, ఏడుపెందుకు? మన మాదిగోళ్ళం కూడా గ్రాండ్‌గా వనభోజనం పెట్టుకుందాం. డీజే పెడదాం, మన ఎమ్మెల్యేను పిలుద్దాం. పాప ఉయ్యాల ఊగుతది." తమ్ముడు తప్పు మనిషి కాదు. ఆ మాటలో నిజం ఉంది. ఇంటిపేరు అడిగితే గుండె గుభేలుమనని ఒక చోటు పిల్లలకు ఉండాలి. నేనూ రెండేళ్ళ కింద అట్లాంటిదానికి పోయాను. హాయిగానే ఉంది. పెద్దవాళ్ళు పాత కథలు చెప్పారు. పాప ఎగిరి ఎగిరి ఆడింది. నేనూ భుజాలు దించుకొని కూర్చున్నా, అట్లా కూర్చొని ఎన్నాళ్ళైందో.

అయితే తమ్ముడూ, ఆ రోజు తోట చివర చింతచెట్టు కింద ఒక కుటుంబం కూర్చొని ఉంది, చూశావా? డక్కలివాళ్ళు. మన మీద ఆధారపడి బతికిన కులం. మన పుట్టుపూర్వోత్తరాల కథ చెప్పేవాళ్ళు. వాళ్ళను పిలిచింది కథ చెప్పడానికి, పంక్తిలో కూర్చోవడానికి కాదు. మనవాళ్ళంతా తిన్నాక ఒకామె బకెట్‌లో అన్నం, కూర వేసుకొని వాళ్ళ దగ్గరికి పోయింది. ఆ కుటుంబంలో ఒక ఆడపిల్ల ఉంది. ఏడేళ్ళుంటాయి. ఉయ్యాల వైపు చూస్తూ నిలబడింది. ఆ నిలబడటం నాకు తెలుసు. అట్లాగే నిలబడ్డాను నేను, గోదావరి ఒడ్డున.

ఆ రోజు నేనేం చేశాను? ఏమీ చేయలేదు. ఇది ఇక్కడ రాయకపోతే పైన రాసినదంతా అబద్ధమవుతుంది.

1994లో ఈదుమూడి నుంచి మొదలుపెట్టి, కింది మెట్టువాడికి వాడి వాటా వాడికే రావాలని ముప్పై ఏళ్ళు కొట్లాడిన జాతి మనది. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు వర్గీకరణ చేసుకోవచ్చని తేల్చేదాకా వదల్లేదు. ఉద్యోగంలో వాటా సంగతి అంత బాగా తెలిసిన మనకు విస్తరిలో వాటా ఎందుకు గుర్తురాదు? కులం పేరుతో కంచె వేస్తే, అది మన కంచె అయినా, దాని బయట ఒక పిల్ల నిలబడే ఉంటుంది. మీటింగులు కులం పేరుతో పెట్టుకుందాం, హక్కులు కులం పేరుతోనే అడుగుదాం, ఎందుకంటే దెబ్బ కులం పేరుతోనే పడింది. కానీ పిల్లల ఆట స్థలానికి ఆ పేరు పెట్టొద్దు. నాకు ఇందులో సందేహం లేదు.

ఇంకో మిత్రుడు, ఈయన ఎర్రజెండా మనిషి, వేరే రకంగా పట్టుకున్నాడు. "అడవిలో జనాన్ని ఖాళీ చేయిస్తుంటే నువ్వు పిక్నిక్‌ల మీద వ్యాసం రాస్తావా అక్కా?" రాస్తాను. రెండూ ఒకటే సంగతి గనక. కిన్నెరసాని అభయారణ్యం 635 చదరపు కిలోమీటర్లు, 1977లో ప్రకటించారు. రిజర్వాయరేమో కొత్తగూడెం థర్మల్ కేంద్రానికి నీళ్ళ కోసం. అందులో కారుకు దారి ఉంది, బోటుకు దారి ఉంది. ఆ అడవిలో పుట్టిన కోయ మనిషి పోడు కొట్టుకుంటే కేసు. 2006 అటవీ హక్కుల చట్టం వచ్చాక కూడా పట్టా కోసం కాగితాలు పట్టుకొని తిరుగుతున్నవాళ్ళున్నారు. వనభోజనం అనే మాటలో భోజనం ఎవరిదో ఇందాక చెప్పాను. వనం ఎవరిదో కూడా అడగాలి.

ఈ ప్రశ్న మనకూ తగులుతుంది. 1/70 చట్టం ముందు దళితులం కూడా గిరిజనేతరులమే. ఏజెన్సీలో మనకు భూమి లేదని ఏడ్చేటప్పుడు అది మనం మరవకూడదు.

పాపికొండలు టూరు పోయినవాళ్ళున్నారు కదా మీలో, రీల్స్ చూశాను. పోచవరం దగ్గర లాంచీ ఎక్కి, పేరంటాలపల్లిలో దిగి, కొండరెడ్లు అల్లిన వెదురు బొమ్మలు బేరమాడి కొనుక్కొని వస్తారు. పోలవరం కోసం 2014లో ఏడు మండలాలను తెలంగాణ నుంచి తీసి ఆంధ్రలో కలిపారు. లాంచీలోంచి మీ పిల్లలకు వేలు పెట్టి చూపించే ఆ ఊళ్ళల్లో చాలా ఊళ్ళు ముంపు ఊళ్ళు. అక్కడి పిల్లలు ఒడ్డున నిలబడి మన పిల్లల వైపు చేతులూపుతారు. వాళ్ళకు అది సెలవు రోజు కాదు, అది వాళ్ళ ఇల్లు. పోవద్దని నేను అనట్లేదు. పోయినప్పుడు పిల్లలకు ఆ సంగతి కూడా చెప్పమంటున్నా. భద్రాచలం రాముణ్ణి మొదట కనుక్కున్నది పోకల దమ్మక్క అనే ఆదివాసీ ఆడమనిషని గుడి కథే చెప్తుంది. కల్యాణం రోజు సెక్టార్ల వారీగా టికెట్లు పెట్టే చోట దమ్మక్క మనవరాళ్ళు ఏ సెక్టార్‌లో కూర్చుంటారో కూడా పిల్లలకు చూపించండి.

ఇదే అడవి దారిలో పిల్లల ఇంకో ప్రయాణం ఉంది. జనవరి వచ్చిందంటే ఛత్తీస్‌గఢ్ నుంచి ట్రాలీ ఆటోల్లో, ట్రాక్టర్లలో మిరప కోతకు జనం దిగుతారు. ఖమ్మం మిర్చి ఎర్రగా ఉంటదని గొప్పగా చెప్పుకుంటాం కదా, దాన్ని కోసే చేతుల్లో పిల్లల చేతులు కూడా ఉన్నాయి. 2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్ పెట్టినప్పుడు, మనకు ఎగువన ములుగు వైపు మిరప చేలల్లో పనికొచ్చిన పన్నెండేళ్ళ ఆదివాసీ ఆడపిల్ల, తోటి కూలీలతో కలిసి అడవి దారిన బీజాపూర్‌లోని ఇంటికి నడిచింది. మూడు రోజులు నడిచింది. ఇల్లు ఇంకా కొద్ది దూరం ఉందనగా చనిపోయింది. ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 31వ అధికరణం పిల్లలకు విశ్రాంతి, ఆట హక్కు అంటుంది. అది 1989 నాటిది, మన దేశం 1992లో ఒప్పుకుంది. ఆ పాపకు ఆ కాగితం మీద సంతకం పెట్టిన దేశంలో ఒక్క సెలవు రోజు దొరకలేదు.

అందుకే మిత్రుడా, విశ్రాంతిని మధ్యతరగతి సరదా అని కొట్టిపారేయకు. బాబాసాహెబ్ కొట్టిపారేయలేదు. 1945లో కాంగ్రెస్, గాంధీ గురించి రాసిన పుస్తకంలో ఆయన గాంధీజీ చరఖా ఆదర్శాన్ని తప్పుపట్టింది సరిగ్గా ఇక్కడే. ఒళ్ళొంచి పనిచేయడమే బతుకైతే మనిషికి, పశువుకు తేడా లేదు. తీరిక ఉంటేనే మనిషి మనసు పెరుగుతుంది. యంత్రం ఆ తీరికను ఇస్తుంది. ఆయన వాదన అది. వైస్రాయ్ కౌన్సిల్‌లో లేబర్ మెంబర్‌గా ఉండగా, అదే 1945లో, ఫ్యాక్టరీ కార్మికులకు జీతంతో కూడిన సెలవులు చట్టమయ్యాయి. మరుసటి ఏడాది వారానికి నలభై ఎనిమిది గంటల పని. మనం ఆయన్ని రిజర్వేషన్లకే కుదించేశాం గానీ, ఆదివారం మధ్యాహ్నం బిడ్డతో కూర్చునే తండ్రి కూడా ఆయనకు బాకీ ఉన్నాడు. ఆ బాకీ అందరికీ అందలేదు. సింగరేణిలో పర్మనెంటు కార్మికుడికి జీతంతో సెలవు ఉంటుంది, టూరు భత్యం ఉంటుంది. అదే గని దగ్గర కాంట్రాక్టు మీద ఊడ్చే ఆడమనిషి ఆదివారం రాకపోతే కూలి పోతుంది. ఆమెకు బిడ్డతో గడపడానికి ఒక రోజు అడగడం పిక్నిక్ రాజకీయమా? అయితే అదే నా రాజకీయం.

మరి ఏం చేద్దామంటావు అక్కా అంటే, పాతదే చేద్దాం. 1917 మే 29న కేరళ చెరాయిలో సహోదరన్ అయ్యప్పన్ అనే ఈళవ యువకుడు పులయ పిల్లలతో కలిసి పంక్తిలో కూర్చొని తిన్నాడు. అన్నం, చిన్న కూర. సొంత కులమే ఆయన్ని వెలేసింది. పులయన్ అయ్యప్పన్ అని వెక్కిరిస్తే ఆ పేరే పెట్టుకు తిరిగాడు. గమనించండి, ఆయన పై కులం పంక్తిలో చోటు అడగలేదు. తనకంటే కింద అని చెప్పబడినవాళ్ళ దగ్గరికి పోయి కూర్చున్నాడు. నేను చింతచెట్టు కిందికి పోయి కూర్చోవాల్సింది. రెండేళ్ళు ఆలస్యమైంది.

వచ్చే ఆదివారం నేలకొండపల్లి పోతున్నాం. ఖమ్మం నుంచి ఇరవై కిలోమీటర్ల పైచిలుకు. అక్కడ మట్టి కింద నుంచి బౌద్ధ స్తూపం బయటపడింది. దాన్ని ఊరివాళ్ళు విరాటరాజు దిబ్బ అంటూ వచ్చారు. బుద్ధుడి ఇటుకలకు కూడా భారతం పేరు పెట్టేశాం, దాని మీద ఇంకో ఉత్తరం రాస్తాను. పిల్లలు పరుగెత్తడానికి చుట్టూ చోటుంది. ఎవరి ఇంట్లో వండింది వాళ్ళు తెండి, అక్కడ అన్నీ ఒకే గుడ్డ మీద పెట్టేద్దాం, ఎవరి డబ్బా ఎవరిదో చూడొద్దు. మగవాళ్ళు వండి తెస్తే మరీ మంచిది. గేటు దగ్గర బల్ల ఉండదు. ఇంటిపేరు ఎవరూ అడగరు. డక్కలి కుటుంబానికి నేను స్వయంగా పోయి చెప్పొచ్చాను. కథ చెప్పడానికి కాదు, ఊరికే రమ్మని. ఆ పెద్దాయన రెండుసార్లు అడిగాడు, "ఊరికేనా?" అని.

పాప తన స్నేహితురాల్ని కూడా పిలవమంది. ఫోన్ చేశా. వాళ్ళమ్మ బాగానే మాట్లాడింది. "మా ఆయన్ని అడిగి చెప్తానండీ" అంది. ఇది రాసే సమయానికి శుక్రవారం రాత్రి పదకొండు. ఇంకా ఏమీ చెప్పలేదు. పాప మాత్రం తన గిన్నె పక్కన ఇంకో గిన్నె కడిగి బోర్లించి పడుకుంది.